గాజు సీసాలో పేరు

కూర్మన్నపాలెం,
30-12-1984.

ప్రియమైన దొడ్డమ్మకు,

జయ వందనాలు. క్రిస్మస్ పండగకి నువ్వు రాలేదన్న కోపం ఇంకా తగ్గలేదు గనక ఎలా ఉన్నావని అడగను. నీ కన్ను ఎలా ఉందని మాత్రం అడుగుతున్నాను. శుక్లం ముదిరాక ఆపరేషన్ చేస్తామన్నారని రాశావు. ముదిరిందా, లేక నువ్వే దాన్ని ముదరనివ్వడం లేదా?

ఈసారి నీ పని నేను చేశాను. పండగకి మిషన్ హాస్టల్లో అరవై మంది పిల్లలకి అరవై చిన్న కేకులు చేసి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసేదానివి కదా. అలాగే మా గుమ్మంలోకి ఏడాది పొడుగునా వచ్చేవాళ్ళకి చేశాను. పాల మనిషికి, పోస్ట్‌మాన్‌కి, కిరసనాయిలు బండి అతనికి, పక్క వాటాలో టీచరమ్మకి, ఇలా పద్దెనిమిది. పాలపొడి డబ్బాలు నాలుగు వేళ్ళ ఎత్తుకి కోయించి, అంచులు జోజి చేత అరగదీయించాను. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన వెల్డరు పెళ్ళాం కోసం ఇంట్లో కేకు డబ్బాలు అరగదీస్తున్నాడని వాళ్ళ గ్యాంగంతా నవ్వారట. గాజువాకలో ఒక బేకరీ అతను పండగ ముందు ఊళ్ళోవాళ్ళ డబ్బాలన్నీ తన పొయ్యిలో కాల్చి ఇస్తాడు. కలిసిపోకుండా డబ్బా అడుగున మేకుతో గుర్తు గీకమన్నాడు. చిన్నప్పుడు నా డబ్బా అడుగున నువ్వు పేరు గీకడం గుర్తొచ్చింది.

తెల్లసొనలో పంచదార పొడి, నిమ్మరసం వేసి గిలక్కొట్టి, కాగితం పొట్లంలో నింపి పేర్లు రాశాను. జోజి ఇంగ్లీషులో రాయమన్నాడు, షోకుగా ఉంటుందట. నువ్వు నాకు నేర్పింది తెలుగు. తెలుగులోనే రాశాను.

ఇక అసలు సంగతి. మా వీధికి చేపలు తెచ్చే పోతమ్మ గంగవరం మనిషి, పాతికేళ్ళుంటాయి. "నీకో కేకు చేస్తాను, నీ పేరు రాస్తాను" అంటే, "నా పేరెందుకమ్మా, మా ఇంటాయన పేరు రాయండి" అంది. ఏం పేరన్నాను. నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఒలమ్మ! ఆ పేరు నాను ఎలా సెప్తానమ్మా?" అని పక్కనున్న గంగాలమ్మ వైపు చూసింది. ఇద్దరూ కలిసే చేపలమ్ముతారు. గంగాలమ్మ పగలబడి నవ్వి "కన్నబాబు" అని చెప్పింది. పెళ్ళయి ఏడేళ్ళయినా పోతమ్మ నోటి వెంట మొగుడి పేరు ఒక్కసారీ రాలేదట.

రాశాను. చివరి అక్షరం పక్కన ఐసింగ్ చుక్క ఒకటి జారిపడింది. తుడిస్తే పేరంతా చెదిరిపోతుందని వదిలేశాను. పోతమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, "ఇదేనా? ఆయన పేరు ఇలాగుంటాదా?" అని అడిగింది. మనిషి పేరుకి ఒక రూపం ఉంటుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత, కేకు బాగుందా అని అడిగాను. "తిన్నేదమ్మా" అని తల దించుకుంది. మన ఇంట్లో వండింది తినరేమో. మిగతా పదిహేడు మందీ తిన్నారు, ఈమె తినకపోవడమే నన్ను పొడుస్తోంది. రెండు రోజులుగా ఆమె దగ్గర చేపలు కొనడం లేదు. చిన్నబుద్ధే, తెలుసు.

నీ
జయ

*

సాలూరు,
9-1-1985.

చి. జయమణికి దీవెనమ్మ దొడ్డమ్మ ఆశీస్సులు.

శుక్లం దాని పని అది చేసుకుంటోంది, నా పని నేను చేసుకుంటున్నాను. అక్షరాలు పెద్దగా రాస్తున్నాను గనక ఉత్తరం పొడుగ్గా ఉందని మురిసిపోకు.

ఒక మనిషి తినలేదంటే ఎందుకు తినలేదో అడగాలి. అడగకుండా చేపలు మానేసి మూతి ముడుచుకోవడం ఏం మర్యాదే? మీ అమ్మ చనిపోయిన ఏడాది నిన్ను నా దగ్గరకి తెచ్చుకున్నాను. నీకప్పుడు నాలుగేళ్ళు. పండగకి నీ పేరు రాసిన కేకు ఇస్తే నువ్వూ తినలేదు. దిండు కింద పెట్టుకుని పడుకున్నావు. తెల్లారేసరికి చీమలు కేకునీ నిన్నూ కలిపి కుట్టాయి. ఎందుకు తినలేదే అంటే, "తింటే నా పేరు అయిపోతుంది" అన్నావు. నీకు గుర్తుండదు, నాకు ఉంటుంది. ఆ డబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సూదులు వేసుకుంటున్నాను.

ఇంకో మాట. ద్రాక్షపళ్ళూ ఖర్జూరాలూ నేను చెప్పినట్టు టీ డికాషన్‌లోనే నానబెట్టావు కదా? కతోలికుల ఇళ్ళల్లో వాటిలో రమ్ము పోస్తారని విన్నాను. నీ మొగుడిది ఆ సంఘమే అయినా నీ చెయ్యి నా వంటింట్లో తిరిగిన చెయ్యి. మద్యం ముట్టనని పదహారో ఏట నా ఎదురుగా కూర్చుని సంతకం పెట్టావు. మన కేకు పది రోజులకి పాడవుతుంది, పాడవనీ. నిలవ పెట్టుకోకుండా పంచిపెట్టడానికే అది.

మా ఎర్రకోడి పొదగడానికి కూర్చుంది. పాస్టరుగారు కొత్త సైకిలు కొన్నారు, తొక్కడం రాదు.

మీ దొడ్డమ్మ
దీవెనమ్మ

*

కూర్మన్నపాలెం,
17-3-1985.

దొడ్డమ్మా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

నువ్వు చెప్పినట్టే పోతమ్మని అడిగాను. "ఆయన పేరు మీద కత్తెట్టమంటారేటమ్మా?" అంది. అంతే. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నేను మతం దాకా వెళ్ళాను, ఆమె మొగుడి పేరు దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు ఆమె గంపలో చేపలన్నీ నేనే కొన్నాను. జోజి నాలుగు రోజులు చేపలే తిని, ఐదో రోజు పప్పు చెయ్యమని చేతులు జోడించాడు.

నవ్వుకుంటూ నీకు రాద్దామనుకునే లోపు ఇది జరిగింది. ఫిబ్రవరి ఇరవైన కన్నబాబు ఇంకో ఐదుగురితో కలిసి ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోటులో వేటకి వెళ్ళాడు. వారానికి తిరిగి రావాలి. రాలేదు. వెతకడానికి వెళ్ళిన బోట్లకి వాళ్ళ వల ముక్క ఒకటి దొరికింది, మనుషులు దొరకలేదు. దాదాపు నెల కావస్తోంది.

నిన్న గంగవరం వెళ్ళాను. ఆ ఇంట్లోకి వెళ్ళగానే కనిపించింది నా కేకు. కిరాణా కొట్లో బిస్కట్లు పెట్టే వెడల్పు మూతి గాజు సీసా ఉంటుందే, అందులో పెట్టి, మూత బిగించి, చీమలు ఎక్కకుండా కింద నీళ్ళ పళ్ళెం పెట్టి, అమ్మవారి పటం పక్కన ఉంచింది. పొద్దున్న లేచి దాన్ని చూశాకే గంప ఎత్తుకుంటుందట.

అత్తగారు చిట్టమ్మ కొడుక్కి దినం చెయ్యాలంటోంది. ఆవిడని తప్పుపట్టలేను. "కడుపున కన్నదాన్ని నానమ్మా. ఆడు సచ్చిపోయాడని అనాలని నాకు మాత్రం ఉంటాదేటి? దినం సెయ్యకపోతే ఆ నీళ్ళలో తిరుగుతానే ఉంటాడు" అని ఏడ్చింది. దినం చేస్తే పోతమ్మ గాజులు తియ్యాలి, బొట్టు చెరపాలి. కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. అప్పుడు పోతమ్మ సీసా చూపించి అందరి ముందూ చెప్పింది. "ఈ కేకు పాడైన రోజున నానే గాజులు తీసేత్తాను. అందాకా నా సేతులు ఎవలూ ముట్టుకోవద్దు."

మూడు నెలలు కావస్తోంది దొడ్డమ్మా, దాని మీద మచ్చ కూడా లేదు. పేరు రాసిన నాటిలాగే తెల్లగా ఉంది. పల్లెలో అందరూ వచ్చి చూసి, చెంపలేసుకుని వెళ్తున్నారు. పెద్దలు కూడా లేచి వెళ్ళిపోయారు. నాకు భయంగా ఉంది.

జయ

*

సాలూరు,
25-3-1985.

చి. జయమణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా కంటి మీద నమ్మకం లేక నాలుగోసారి పాస్టరుగారి చేత చదివించుకున్నాను.

నలభై ఏళ్ళు కేకులు చేశాను. పదకొండో రోజు దాటి ఒక్కటి నిలవలేదు. చలికాలంలోనూ నిలవలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల, నేను చెప్పిన పాళ్ళతో చేసిన కేకు, ఆ సముద్రపు గాలిలో మూడు నెలలు మచ్చ పడకుండా ఉందంటే అది మన చేతిలో పని కాదు. నా చేతి మీద రోమాలు లేచి నిలబడ్డాయి, ఇది రాస్తుంటే ఇంకా నిలబడే ఉన్నాయి. ఎవరి ఇంట చూపించాడే ఆయన తన పని! మన ఇంట కాదు, మన బేతనియ సంఘంలో కాదు, చేపలమ్మే పిల్ల ఇంట్లో, అమ్మవారి పటం పక్కన! నేను అడిగే దాన్ని కాను. ఆయన ఇష్టం.

ఆదివారం ఆరాధనలో లేచి చెప్పాను. స్త్రీల సమాజమంతా మోకాళ్ళ మీద ఉండి కన్నబాబు పేరు పెట్టి ప్రార్థన చేశారు. నా కంటే పదేళ్ళు పెద్దది, ఆరోగ్యమ్మ, బుధవారం బుధవారం ఉపవాసం మొదలెట్టింది. కేకు ఎలా ఉందో వారం వారం కార్డు ముక్క రాయి. ఇక్కడ ఊరంతా కాచుకుని ఉంది.

నీ చెయ్యి నా దగ్గర నేర్చుకున్నందుకు గర్వంగా ఉంది. గర్వం పాపమని తెలిసే రాస్తున్నాను.

దీవెనమ్మ

*

కూర్మన్నపాలెం,
14-4-1985.

దొడ్డమ్మా,

ఇది ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. పాస్టరుగారికి ఇవ్వకు.

ఆ కేకులో రమ్ము ఉంది. జోజి స్నేహితుడొకతను నేవల్ బేస్‌లో పనిచేస్తాడు, అతను తెచ్చాడు. అక్టోబరు నుంచి పళ్ళు అందులోనే నానాయి. కాల్చాక కూడా పైన చెంచాతో పోశాను. మా అత్తగారు అలాగే చేసేవారట, జోజి ఇష్టపడతాడని చేశాను. నువ్వు జనవరిలో అడిగినప్పుడు జవాబు రాయకుండా తప్పించుకున్నాను. కేకు పాడవకపోవడానికి కారణం అదే. మూత బిగించిన సీసాలో ఆరు నెలలు కూడా ఉంటుందని జోజి అంటున్నాడు. నీ టీ డికాషన్ కేకు అయితే జనవరిలోనే బూజు పట్టి పారేసేవాళ్ళు, పోతమ్మ దాని మీద ఒట్టు పెట్టుకునేదీ కాదు.

సంతకం పెట్టి తప్పాను. అది ఒకటి. దానికంటే పెద్దది, ఒక ఆడమనిషి నా సీసా రమ్ము మీద తన తాళి ఆనించుకుని కూర్చుంది. వెళ్ళి చెప్పాలని రెండుసార్లు గంగవరం బస్సెక్కాను. రెండుసార్లూ ఆమె సీసా తుడుస్తూ కనిపించింది. చెప్పలేదు. చెప్పాలా దొడ్డమ్మా?

జయ

*

సాలూరు,
2-6-1985.

జయమణికి,

నెలన్నర నీకు రాయలేదు. కోపం వల్ల కాదని రాద్దామనుకున్నాను, కానీ కోపం వల్లే.

మొదటి ఆదివారం నోరు విప్పలేదు. రెండో ఆదివారం తలనొప్పి అని ఇంట్లో పడుకున్నాను. అలా నాలుగు వారాలు దాటించాను. పోయిన ఆదివారం ఇక ఉండబట్టలేక లేచి నిలబడి, "ఆ కేకులో రమ్ము ఉంది" అన్నాను. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ చేత మద్యం ముట్టబోమని సంతకాలు పెట్టించినదాన్ని నేనే కదా.

అప్పుడు ఆరోగ్యమ్మ కూర్చున్నచోటు నుంచే అడిగింది. "అయితే దీవెనా, ఆ కుర్రాడి కోసం ప్రార్థన ఆపేద్దామా?"

ఆపుదామని ఒక్కరూ అనలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాం. కేకు పేరు ఎవరూ ఎత్తలేదు, కుర్రాడి పేరే ఎత్తారు. నాకు మార్చిలో కంటే ఆ రోజు ఎక్కువ భయభక్తులు కలిగాయి. ఎందుకో అడగకు.

చెప్పాలా అని అడిగావు. నాకు తెలియదు. నీకు జవాబు తెలియదని రాయడం ఇదే మొదటిసారి. నీ సంతకం కాగితం నా పెట్టెలో ఉంది. చింపను, ఎవరికీ చూపించను.

దీవెనమ్మ

*

కూర్మన్నపాలెం,
8-7-1985.

దొడ్డమ్మా,

వెంటనే జవాబు రాయి. వర్షాలు మొదలయ్యాయి. నిన్న గంగవరం వెళ్ళాను. పోతమ్మ మంచినీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు సీసా దగ్గరకి వెళ్ళి చూశాను. వెనకవైపు, గోడకి ఆనుకుని ఉన్న పక్క, గోరంత మేర పచ్చగా బూజు. ముందు నుంచి కనబడదు. పోతమ్మ ఇంకా చూడలేదు. వారం పోతే పేరు దాకా వస్తుంది.

వచ్చే పదిహేడున అమావాస్య. ఆ రోజు కులపెద్దలు మళ్ళీ వస్తారట. చిట్టమ్మ చిక్కి సగమైంది. "ఎన్నాళ్ళు ఆడ్ని అలా ఒగ్గేత్తాం" అంటోంది. బూజు చూస్తే పోతమ్మ మాట తప్పదు. అక్కడే గాజులు పగలగొట్టుకుంటుంది. నాకు తెలుసు ఆ మనిషి.

కొత్తది చేసి మార్చేద్దామని ఉంది. చేస్తే అది పచ్చి మోసం. చెయ్యకపోతే నా చేతి వంట ఆమె గాజులు పగలగొడుతుంది. జోజిని అడిగితే "ఉక్కు అయితే అతికేద్దును, ఇది నా వల్ల కాదు" అన్నాడు. నువ్వు వద్దంటే మానేస్తాను.

జయ

*

సాలూరు,
11-7-1985.

జయా,

కార్డు మీద రాస్తున్నాను, పోస్ట్‌మాన్ చదివితే చదవనీ.

చెయ్యి. ఈసారి రమ్ము తక్కువ వెయ్యకు.

పాపం నా ఖాతాలో వేసుకుంటాను, నా వయసుకి మోయగలను.

దీవెనమ్మ

*

కూర్మన్నపాలెం,
19-7-1985.

దొడ్డమ్మా,

నీ కార్డు చూసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జోజి కూడా చదివి, కార్డుని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు, ఇవ్వనంటున్నాడు.

చేశాను. ఐసింగ్ మరీ తెల్లగా ఉంటే దొరికిపోతానని రెండు చుక్కలు టీ డికాషన్ కలిపాను. నీ డికాషన్ అలా పనికొచ్చింది. పేరు పాతదానిలాగే రావాలని నాలుగు కాగితాల మీద ముందు దిద్దుకున్నాను. పధ్నాలుగో తారీకున పోతమ్మ నాకోసం టీ పెట్టడానికి పెరట్లోకి వెళ్ళింది. మార్చేశాను. పాతది సంచీలో పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె ఇచ్చిన టీ తాగాను.

అమావాస్య గడిచింది. పెద్దలు వచ్చారు, సీసా చూశారు, వెళ్ళారు. గాజులు ఉన్నాయి.

కానీ మార్చిన రోజే తిరుగు బస్సులో గుర్తొచ్చింది. పాతదాని మీద చివరి అక్షరం పక్కన చుక్క జారిపడింది, పండగప్పుడు నీకు రాశాను. కొత్తదాని మీద ఆ చుక్క పెట్టడం మరిచిపోయాను. ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే దాన్ని చూస్తున్న మనిషి కనిపెట్టకుండా ఉంటుందా? నిన్న చేపలు తెచ్చింది. మామూలుగానే మాట్లాడింది. ఒక కానాగంత చేప ఎక్కువ వేసి వెళ్ళింది. ఎందుకు వేసిందో తెలియక నిద్ర పట్టడం లేదు.

జయ

*

కూర్మన్నపాలెం,
28-8-1985.

దొడ్డమ్మా, దొడ్డమ్మా,

ఉన్నాడు! కన్నబాబు ఉన్నాడు! ఆరుగురూ ఉన్నారు! ముందు మోకాళ్ళ మీద కూర్చో, తర్వాత మిగతాది చదువు.

గంగాలమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పోతమ్మ నోట మాట రావడం లేదు. మొగుడు తప్పిపోయాక పోతమ్మ చేపల కోసం ఫిషింగ్ హార్బర్ దాకా వెళ్తోంది. సోమవారం తెల్లవారుతుండగా ఆడవాళ్ళు పదిమంది వేలంపాట షెడ్డు దగ్గరకి వెళ్ళేసరికి గోడ మీద కొత్త కాగితం అంటించి ఉందట. ఇంజను పాడై కొట్టుకుపోయిన మన బోట్లవాళ్ళు బర్మా తీరంలో పట్టుబడి అక్కడి జైల్లో ఉన్నారని కబురొచ్చింది. బోటువాళ్ళ సంఘంలో ఒకతను పేర్లన్నీ తెలుగులో రాసి అంటించాడు. పదకొండు పేర్లు. అది తప్పిపోయినవాళ్ళ పేర్ల కాగితమని మాత్రం ఎవరో చెప్పారు. చదివేవాళ్ళు లేరు.

ఇక గంగాలమ్మ మాటల్లోనే విను. "సదివీవోడు టీకి ఎల్లిపోనాడమ్మా. అందరం కాగితం సుట్టూ మూగి ఏడుత్తన్నాం. ఇదేమో నోరు మూసుకుని కాగితం మీద ఏలెట్టి పైనుంచి కిందకి సూత్తంది. ఏడో వరస కాడ ఏలు ఆగిపోనాది. 'ఇదిగో' అంది. 'ఏటే ఇదిగో? నీకేటి తెలుసు?' అన్నాను. 'ఇదే' అంది. ఏలు తియ్యదు. సెయ్యట్టుకు నాగినా తియ్యదు."

టీకి వెళ్ళినతను వచ్చాడు. "ఎవరమ్మా, ఏం పేరు?" అని అడిగాడు. పోతమ్మ పెదాలు బిగించుకుంది. ఆ సమయంలో కూడా పేరు చెప్పలేదు దొడ్డమ్మా! గంగాలమ్మే చెప్పింది, "కన్నబాబు, గంగవరం." అతను కాగితం వైపు చూసి, పోతమ్మ వేలు వైపు చూసి, అలా నిలబడిపోయాడట. వేలు సరిగ్గా ఆ పేరు మీదే ఉంది.

అ, ఆలు రాని మనిషి. బస్సు మీద ఊరి పేరు చదవలేదు, బస్సు రంగు చూసి ఎక్కుతుంది. లోకంలో ఉన్న రాతలన్నిటిలో ఆమెకి ఒక్క పేరే తెలుసు. అది నేను పాలపొడి డబ్బా కేకు మీద రాసిన పేరు. నా చేతిని చూసుకుంటే నాకే భయమేస్తోంది. ఇంగ్లీషులో రాసి ఉంటే? జోజి ఆ మాట అన్నప్పటి నుంచి ఇద్దరం అన్నం తినలేదు.

విడిపించి తేవడానికి నెలలు పట్టవచ్చట. పట్టనీ.

నీ జయ

*

సాలూరు,
3-9-1985.

చి. జయకి,

సంఘంలో నీ ఉత్తరం నేనే చదివాను. "ఏలు తియ్యదు" దగ్గరకి వచ్చి ఆగిపోయాను, మిగతాది పాస్టరుగారు చదివారు. ఆయనా ఆగారు. చివరికి ఆరోగ్యమ్మ మనవరాలు పూర్తి చేసింది.

మార్చిలో నేను చూసిన అద్భుతం తప్పు. ఇది నేను చూడలేదు, ఊహించనూ లేదు. అరవై మంది పిల్లలకి ఏటేటా పేర్లు రాశాను, సరదాకి రాస్తున్నాననుకున్నాను. ఇంకేమీ రాయలేను. కన్ను ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. చూడాల్సినవి ఇంకా ఉన్నట్టున్నాయి.

దీవెనమ్మ

*

కూర్మన్నపాలెం,
8-12-1985.

ప్రియమైన దొడ్డమ్మకు,

కంటికి కట్టు విప్పారని, నిన్ను చూసొచ్చిన జోజి చెప్పాడు. అయితే ఈ ఉత్తరం నువ్వే చదువుకుంటావు, అందుకే చిన్న అక్షరాలతో రాస్తున్నాను.

బుధవారం హౌరా మెయిల్లో వచ్చారు ఆరుగురూ. శుక్రవారం నేనూ జోజీ గంగవరం వెళ్ళాం. కన్నబాబు ఎముకల గూడులా ఉన్నాడు, గుండు గీసి ఉంది. చిట్టమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అన్నం కూడా ఎడం చేత్తోనే తినమంటోంది. అతను ఇంట్లో అన్నీ కొత్తగా చూస్తూ, అమ్మవారి పటం పక్కన సీసా చూశాడు. "ఏటిది? సబ్బు బిళ్ళా?" అన్నాడు.

పోతమ్మ నవ్వింది. సీసా మూత తీసింది. నేను మార్చిన రోజు తర్వాత ఆ మూత తియ్యడం అదే మొదటిసారి. కేకు బయటికి తీసి అతని ఒళ్ళో పెట్టింది. "మీ పేరు" అంది. అతను తెల్లబోయి చూశాడు. అతనికీ చదువు రాదు, తన పేరు ఎలా ఉంటుందో అతనూ ఎప్పుడూ చూడలేదు. పోతమ్మ అతని చూపుడువేలు పట్టుకుని, గట్టిపడిన ఐసింగ్ మీద పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నెమ్మదిగా నడిపించింది. పేరు పలకలేదు. మొదటి నుంచి మళ్ళీ ఇంకోసారి నడిపించింది. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. చర్చిలో కూడా నేను అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ నిలబడలేదు.

బస్సు దాకా పోతమ్మ సాగనంపింది. దారిలో, "అమ్మా, రెండోది మీరే ఎట్టినారు కదా" అంది. తప్పైపోయిందన్నాను. మొదటి కేకు వెనక బూజు నా కంటే రెండు రోజుల ముందే చూసిందట. చూసి, గోడ వైపు తిప్పింది కూడా ఆమేనట. గాజులు తీసెయ్యాలని మూడుసార్లు చెయ్యి పెట్టి, తియ్యలేకపోయిందట.

"పాతదానికి సివర్న ఒక బొట్టుండీది. అదీ ఆయన పేర్లోదే అనుకున్నాను. మీరు మార్సినాక బొట్టు నేదు, మిగతాదంతా అలాగే ఉంది. అప్పుడు తెలిసింది నాకు, ఏది పేరో, ఏది కాదో. ఆ గోడ కాడ కాగితం మీద బొట్టు నేదమ్మా. పాతదే ఉండుంటే నా ఏలు ఆగీది కాదు" అంది.

దొడ్డమ్మా, నా మరుపు గురించి, రమ్ము గురించి, మన ఇద్దరి పాపం గురించి ఇన్ని నెలలు కుమిలిపోయాను. ఎవరు ఎక్కడ కూర్చుని ఏం కలిపి చేశారో ఈ పని, నాకు అంతుపట్టడం లేదు.

బస్సు వచ్చే ముందు పోతమ్మ ఇంకో మాట అడిగింది. చాలా సిగ్గుపడుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. "నా పేరు ఎలాగుంటాదమ్మా?"

వచ్చేటప్పటి బస్సు టికెట్టు వెనక రాసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది, వేలితో దిద్దింది. ఈ పండగకి తన పేరు రాసిన కేకు కావాలంది. ఆ సీసాలోనే, ఆయన పక్కన పట్టేటంత చిన్నది చెయ్యమంది.

నా డబ్బాలన్నీ పెద్దవి, సీసాలో ఉన్నదాని పక్కన పట్టవు. నీ దగ్గర ఉందన్నావే, నా చిన్నప్పటి డబ్బా, అందులో సూదులు ఇంకెందులోనైనా పోసుకుని అది పంపు. అడుగున నా పేరు గీకి ఉంటుంది, దాన్ని చెరపొద్దు.

నీ
జయ